నీలం గీత మీద నల్ల ఇంకు

జూన్ 11

మొదటి వాన. బల్లను కిటికీ దగ్గర నుంచి జరిపాను. వసంత ఉంటే మబ్బు చూసే జరిపేది.

కాగితాలు తడవలేదు. ఆమె బొమ్మల కథ... ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారకముందే అడవికి పోయే ఆడమనిషి కథ. చివరి పేజీ తప్ప అన్నీ నల్ల ఇంకుతో పూర్తయినవి. చివరిది లేత నీలం పెన్సిల్ గీతల్లోనే ఉంది. ఏప్రిల్‌లో జ్వరం వచ్చిన నాడు ఎక్కడ ఆపిందో అక్కడే.

జ్వరమే కదా అనుకున్నాం.

జూన్ 12

కుక్కర్ కూత పెట్టింది. "స్టవ్ కట్టెయ్" అన్నాను. లేచి నేనే కట్టేశాను.

జూన్ 15

వసంత చెల్లెలి ఫోన్. "మల్లికను పంపుతున్న బావా. వాళ్ల పెద్దమ్మ బొమ్మలు చూస్తదట. కాదనకు."

సాయంత్రం బస్సుకు మల్లిక దిగింది. డిగ్రీ చదువుతున్నా అదే పిల్ల... మంచమెక్కి ఫోన్‌లో జపాన్ బొమ్మల కథలు. వెనుక పేజీ నుంచి ముందుకు, కుడి నుంచి ఎడమకు. ఎండాకాలం సెలవుల్లో వసంతా తనూ ఇదే మంచం మీద, తలకు తల ఆనించి చదివేవాళ్లు.

"ఉర్దూ పుస్తకమా?" అనేవాణ్ణి.

"నీకు తెల్వని దిక్కు నుంచి గూడ కథలుంటయి సారూ," అనేది వసంత.

ఆ మాట ఇవాళ గదిలో మళ్లీ వినిపించింది. మల్లిక అనలేదు. అడిగాను.

జూన్ 16

మల్లిక ఆలోచన: జిరాక్స్ తీయించి, కుట్టి, పెద్దమ్మ పాఠం చెప్పిన బడి ఆడపిల్లలకూ గూడెం ఆడవాళ్లకూ పంచాలి. సరే అన్నాను.

ములకలపల్లి సెంటర్‌లో జిరాక్స్. పేజీలన్నీ వచ్చాయి. చివరిది తెల్లగా వచ్చింది.

"ఏం లేదు గద సార్ ఇండ్ల," అన్నాడు షాపతను.

డార్క్ పెట్టి మళ్లీ తియ్యమన్నాను. మళ్లీ తెల్ల కాగితమే. చేతిలో వెచ్చగా ఉంది.

బయటికి వచ్చాక మల్లిక చెప్పింది. "ఈ నీలం మిషన్‌కు కనవడది పెద్దనాన్న. పెద్దమ్మ కావాల్నని దాంతోటే గీస్తది. మీద ఇంకు పడ్డదే కాపీల వస్తది."

అంటే ఆమె చెయ్యి మొదట గీసినది ఎప్పుడూ బయటికి రాలేదు. ఎవరూ చూడలేదు.

"నేను ఇంకు వేస్త. పెద్దమ్మనే నేర్పింది."

వద్దన్నాను.

జూన్ 17

చివరి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి చూపించింది. పొగలో ఎవరో నిలబడ్డట్టు. వద్దనే అన్నాను. పొద్దున బస్సుకు పోయింది. అలిగింది.

జూన్ 20

ఆమె పెన్సిల్ చెక్కే మెండర్ తెరిచాను. నీలం పొట్టు ఇంకా ఉంది. మూసేశాను.

చివరి పేజీలో ఆడమనిషి నెత్తి మీద తట్ట. అంచు మొన్నటిలా లేదు. పలచబడింది. వాన తేమ అనుకున్నాను.

తర్వాత బొటనవేలు చూసుకున్నాను. నీలంగా ఉంది.

రోజూ పొద్దున ఆ పేజీ తీసి, తట్ట మీదుగా, భుజం మీదుగా, వేలు పోనిస్తాను. తుడిచేస్తున్నది నేనే.

చెయ్యి కడుక్కోలేదు.

జూన్ 22

ఆదివారం. మల్లిక మళ్లీ వచ్చింది, కుట్టిన పుస్తకాలతో. చివరి పేజీ లేకుండానే. గూడెం నుంచి రాములమ్మ, ఇంకో నలుగురు. ఇప్పపువ్వుకు వసంతను వెంట తీసుకుపోయింది రాములమ్మే. వరండాలో కూర్చున్నారు. మల్లిక చదివి వినిపిస్తోంది. నేను లోపల, తలుపు పక్కన.

ముందు మల్లిక ఫోన్‌లోని బొమ్మలు చూశారు.

"గీ పిల్లకు నడుమేదే? గింత నడుముతోని తట్టేం మోస్తది?"

"గామెకు తట్టెందుకు, కండ్లే తట్టలంత ఉన్నయి."

నవ్వులు. తర్వాత వసంత కథ. నవ్వులు తగ్గాయి. పేజీ తిరిగే చప్పుడు.

"అవ్, గీమెకు నడుముంది. మన లెక్కనే ఉంది."

"మరి గడప మీది మగాయన మొకమేది? అన్నిట్ల వీపే ఉంది. టీచరమ్మ మరిచిందా?"

"ఏం మరువలే," రాములమ్మ గొంతు. "మా ఇంట్ల గంతే. గడప మీద కూసోవద్దంటరు, గా మాట మనకే. ఆయన గడప మీదనే, అటు మొకం పెట్టి. నేను పొద్దంత చూసేది గా వీపే."

"మెల్లగనే! లోపల సారున్నడు."

"ఉంటె ఏంది? సారు వీపు గూడ చూసినం."

అందరూ ఒక్కసారే నవ్వారు. వసంత నవ్వు కూడా అందులో ఉందనిపించింది. లెక్క పెట్టినట్టు ఒక్కొక్క గొంతూ విడదీసుకున్నాను. లేదు.

పోతూ పోతూ రాములమ్మ మల్లికను అడిగింది. "ఆఖరుకన్న తిరుగుతడా? గా పేజీ చూపియ్యకపోతివి."

జూన్ 23

ప్రతి పేజీ చూశాను. చొక్కా నాదే. మెడ దగ్గర కుట్టు ఊడిన చారల చొక్కా.

జూన్ 29

పేజీ ముట్టుకోవడం మానేశాను. అయినా పలచబడుతోంది. లేక నా కళ్లా?

మల్లికకు ఫోన్ చేశాను. "వచ్చి ఇంకు వెయ్యి."

సరేనంది. "కింద నీలం అట్లనే ఉంటది పెద్దనాన్న. నేను తుడువను."

జూలై 5

మల్లిక ఉదయం నుంచి బల్ల దగ్గరే, ఆమె స్టూలు మీద. పక్కన నిలబడ్డాను. ఊపిరి తగలకుండా.

తట్ట. తట్టలో పువ్వు. ఆమె చెయ్యి. మాట రాయడానికి వదిలిన ఖాళీ గుండ్రం. పొయ్యి పొగ. గడప. ఒక్కొక్కటే నల్లగా తేలి వస్తోంది.

మగవాడి దగ్గర కలం ఆగింది.

"పెద్దనాన్న, ఇటు చూడు."

రెండు గీతలు. ఒకటి మామూలు వీపు. ఇంకొకటి దాని మీదనే... కుడి భుజం వెనక్కి, చెంప అంచు, ముక్కు కొన... తిరుగుతున్నట్టు.

"ఏ గీత మీద వెయ్యాలె?"

"ఏది తర్వాత గీసిందో చూడు."

"తెలుస్తలేదు. రెండూ ఒక్క తీరుగనే నొక్కింది."

వంగి చూశాను, నాకూ తెలియలేదు. కలం కడిగి పెట్టింది.

జూలై 6

మార్చిలో ఒక సాయంత్రం. వసంత రాములమ్మతో ఇప్పపువ్వుకు పోయి వచ్చింది. నేను గడప మీద, పిల్లల ల్యాబ్ రికార్డులు దిద్దుతున్నాను. పెరటి తలుపు నుంచి లోపలికి వచ్చి, వెనుక నిలబడి పిలిచింది. "ఒక్కసారి ఇటు చూడరాదూ..."

గొంతు గుర్తుంది. ఇప్పపువ్వు వాసన గుర్తుంది. వారం రోజులు ఇల్లంతా అదే.

తట్ట ఎత్తుకున్న ఆమె ముఖం గుర్తు లేదు.

చూశానా?

జూలై 8

రాములమ్మ దారిలో ఆగింది. "తిరిగిండా సారూ?"

"ఇంకా కాలేదు."

"జల్దీ చెయ్యిరి. ఆడోళ్లు పందెం కాసిండ్రు." నవ్వింది. తర్వాత నవ్వలేదు. "టీచరమ్మ ఉంటె చెప్తుండె."

జూలై 9

బూర్గంపాడు దిక్కు ఆకాశం నల్లగా ఉంది. గోదావరి పెరుగుతోందట. మల్లిక పోయింది. కలం, ఇంకు సీసా బల్ల మీదే వదిలింది. "నాకు చెప్పు, లేకుంటె నువ్వే వెయ్యి."

మధ్యాహ్నం. గడప మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. చారల చొక్కా. వెనుక గదిలో బల్ల, పేజీ.

ఇప్పుడే స్టూలు జరిగిన చప్పుడు.

గాలి కావచ్చు. ఆకు కదలడం లేదు బయట.

తిరిగితే కుడి భుజం మీదుగానే తిరగాలి. ఆమె అట్లాగే గీసింది...