ప్రార్థన ఇంటి పిడికెడు బియ్యం

నాచారం.

అక్క విక్టోరియాకు తమ్ముడి వందనాలు.

"ముసలోళ్లకు అన్నం పెట్టే పొయ్యి ఆరనియ్య, పిడికెడు బియ్యం మాననియ్య" అని అమ్మ మంచం పక్కన నిలబడి అబ్రహాం బావ ఇచ్చిన మాట నీకు గుర్తుందో లేదో. నాకుంది. ఇంటింటా ఆడవాళ్లు వంటకు ముందు ఒక పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం ప్రార్థన ఇంటికి తెచ్చేవాళ్లు. విదేశీ దాతల డబ్బు రాగానే, సంఘం కార్యదర్శి హోదాలో బావ ఏమన్నాడు? "ఫారినోళ్లు ఈ మూటలు జూస్తె మనల్ని అడుక్కునేటోళ్లనుకుంటరు." అంతే, ఆ ఆనవాయితీ ఆగిపోయింది.

కుశలం రాయకుండా దెప్పుతున్నాడంటావు. సరే, నేను బాగున్నాను. మోకాళ్లు కూడా ఈ నెల నామీద దయతలిచాయి. జహీరాబాద్‌లో మీరిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

ప్రార్థన ఇంట్లో ముసలివాళ్ల భోజనశాల మూతపడిందా అని అడిగావు. అంచుదాకా వెళ్లింది. మనవాళ్లు లెక్కలు సమయానికి పంపక, విదేశీ విరాళాల చట్టం కింద ఉన్న అనుమతి పోయింది. అందరూ చట్టాన్ని తిట్టారు. నేను ఆ చట్టాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎవరి డబ్బు, దేనికి ఖర్చుపెట్టారు అని అడిగింది. మనమే అడగాల్సిన ప్రశ్న అది.

తర్వాత మన కుర్ర పాస్టరు కళ్యాణ్ ప్రభుత్వ సాయానికి అర్జీ పెట్టాడు. అధికారిణి వచ్చి చూసి, మర్యాదగానే చెప్పింది: "అన్నం కాడ ప్రార్థన, పాటలు వద్దు సార్. ఇది సర్కార్ పైసల్తోని పెట్టే అన్నం."

అందరూ గోలపెట్టారు. వంట చేసే వెంకటనర్సమ్మ గరిటెతోనే వచ్చింది. "మేడం, నేను ఎల్లమ్మకు మొక్కేదాన్ని. ఏండ్లసంది ఈ ప్రార్థన ఇంట్లనే వండుతున్న. మా ఎల్లమ్మ ఒక్కనాడు అలగలే. కూర సల్లారితె మటుకు ఈ ముసలోళ్లు అలుగుతరు. జర జల్ది తేల్చున్రి!" అధికారిణి కూడా నవ్వింది. షరతు మాత్రం సడలించలేదు.

నేను ఆమెదే న్యాయమన్నాను. మన సంఘంలోని మరియా నామీద విరుచుకుపడింది.

"ఏంది మామా, ప్రార్థనల కండ్లు మూయనోనివి, నువ్వు గూడ సర్కార్ దిక్కేనా?"

"పన్ను కట్టేటోళ్లల్ల అన్ని దేవుళ్లకు మొక్కేటోళ్లు ఉన్నరు బిడ్డా. ఆళ్ల పైసలు దీస్కొని మన పాట పాడుడు తప్పు. పాట గావాల్నంటె, బియ్యం మనమే తెచ్చుకుందం."

"ఈ కాలంల ఎవలిస్తరు?"

"అడిగి సూసినమా?"

"గట్లయితె నువ్వే అడుగు మామా" అంది. చివరికి బియ్యం సంచి నా భుజం మీదే పడింది. వాగేవాడికి అదే శిక్ష.

ఇప్పుడు శనివారాలు నాచారం, మల్లాపూర్ ఇళ్లు తిరుగుతున్నాను. పిడికెడు బియ్యానికి పన్ను మినహాయింపు రసీదు ఏ చట్టమూ ఇవ్వదు. అయినా ఇస్తున్నారు. హిందువుల ఇళ్లలోనూ ఇస్తున్నారు. సర్కారు సాయం వద్దని రాసిచ్చాం. పొయ్యి వెలుగుతోంది, పాటా సాగుతోంది. కళ్యాణ్ గొంతు మాత్రం దేవుడికే పరీక్ష.

ఏం వండుకుంటున్నావని ప్రతి ఉత్తరంలో అడుగుతావు. ఒక సంగతి దాచాను అక్కా. నేను వంట మానేసి చాలా కాలమైంది. నీకు గొప్పగా రాసిన చింతచిగురు పప్పు, వంకాయ కూర వెంకటనర్సమ్మవి. నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. అది మూతపడితే నాకూ అన్నం లేదు. సంచి మోసింది ధర్మానికే కాదు, ఆకలికి కూడా. ఏడవకు. నలుగురి మధ్య తింటున్నాను, ఉప్పు తక్కువైందని నలుగురి ముందు తిడుతున్నాను. ఇంతకన్నా ఏం కావాలి?

బావను ఇప్పటికైనా క్షమించమన్నావు. పోయిన వారం మల్లాపూర్‌లో అరుణకుమారి అనే ఆమె సంచి చూసి, "ఇన్నేండ్లు ఎందుకు రాలే మామా? మీరొస్తరని మా అమ్మ సచ్చేదాంక పిడికెడు తీసి పెడుతనే ఉండె. కుండ నిండితె కోళ్లకేసేది" అంది.

నాకు గడప దిగబుద్ధి కాలేదు. జనం ఇవ్వడం మానలేదక్కా. మనమే అడగడం మానాం. బావకు చెవుడొచ్చిందన్నావుగా, ఇది గట్టిగా చదివి వినిపించు: తప్పు చట్టానిది కాదు, సర్కారుది కాదు, అబ్రహాంది.

ఇట్లు,
నీ మాట వినని తమ్ముడు,
బెంజమిన్