పన్నెండు అంజూర పొదలు

జెబ్బా, 8 జనవరి 1989

గౌరవనీయురాలైన మన్నూబియా అక్కకు,

నన్ను మీరు ఎన్నడూ చూడలేదు. నా పేరు హనియా. మీ తర్వాత ముఖ్తార్ చేసుకున్నది నన్నే. ఉత్తరం ఇక్కడే చించెయ్యాలనిపిస్తే చించెయ్యండి, తప్పు పట్టను.

ముఖ్తార్ అక్టోబరులో పోయారు. కాలువ గట్టు మీద నీటి వంతు కోసం కాచుకుని ఉండగా గుండె పట్టేసింది. ఎవరో వచ్చి చెప్పేసరికే అంతా అయిపోయింది. మీకు కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది, కానీ ధైర్యం చాలలేదు. మీరు బిజర్తాలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నారని మీ ఊరి కంసాలి చెబితే ఈ చిరునామా దొరికింది.

తోటలోని పన్నెండు అంజూర పొదలూ మీ చేత్తో నాటినవేనని విన్నాను. వాటి గురించే ఈ ఉత్తరం. ఏళ్ల తరబడి వాటికి కత్తి తగలలేదు. కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరి మేకపిల్ల కూడా పట్టనంత గుబురైపోయాయి. నిరుడు కాయలు గోలీకాయలంతే ఉన్నాయి. సగం పండకుండానే రాలిపోయాయి.

వాటాల ప్రకారం తోటలో ఎక్కువ భాగం తైయిబ్ బావగారికి వెళ్లింది. ఆయన మొన్న వచ్చి పొదల మధ్య నిలబడి, "ఇవి గొడ్డుపోయినై. ఈ ఎండాకాలం గంపెడు కాయ చూపించు, ఉంచుతా. లేకపోతే పీకి పారేసి బంగాళాదుంప వేస్తా. నాకు నీ మీద కోపం లేదమ్మాయ్, నేల మీదే నా బెంగ" అన్నారు. ఈ పొదలు పోతే నేను ఈ ఇంట్లో ఉండడానికి కారణమే ఉండదు.

ఎక్కడ కొయ్యాలో, ఎంత కొయ్యాలో నాకు తెలియదు. చెప్పగలరా?

మీ చెల్లెలిలాంటి
హనియా


బిజర్తా, 20 జనవరి

ముఖ్తార్ భార్య హనియాకు,

అతని ఆత్మకు శాంతి కలగాలి. అంతకుమించి రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

నాకు చెల్లెళ్లు ఎవరూ లేరు. ఆ వరస నీ దగ్గరే ఉంచుకో. ఈ ఉత్తరం ఎవరిచేతనో రాయించింది కాదు. చదువు ఇక్కడి పిల్లలే నేర్పారు. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో.

కొడుకు ఉంటే అన్నకు వాటా రాదు. తైయిబ్‌కు వచ్చిందంటే నీకు ఆడపిల్లలే పుట్టారన్నమాట. ఎంతమంది? పోనీలే, కొట్టిన కొమ్మలు మోయడానికి పనికొస్తారు. నేను ఒక్కదాన్నే మోసేదాన్ని. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే అన్నీ మోశాను. చివరికి నా సంచీ కూడా బస్సుదాకా నేనే మోసుకున్నాను. గేటు దగ్గర మా అత్త నిలబడి, "కాయని చెట్టుకు కంచె ఎందుకే" అంది. నువ్వు వచ్చాక ఆవిడ సంతోషంగా పోయి ఉంటుంది.

అడిగావు గనుక చెబుతున్నాను. రంపం పదును పెట్టించు. వాన లేని రోజు చూసి పన్నెండు పొదలనూ మోకాలెత్తుకు కొట్టెయ్. ఒక్క కొమ్మ మిగల్చకు. జాలిపడకు. అంజూర పాలు చేతికి తగిలితే బొబ్బలెక్కుతాయి, గుడ్డ చుట్టుకో.

ఇంతే. మళ్లీ రాయనక్కర్లేదు.

మన్నూబియా


జెబ్బా, 26 మార్చి

ప్రియమైన అక్కా,

వద్దన్నా రాస్తున్నాను. మీరు చెప్పినట్టే చేశాను. పన్నెండూ కొట్టేశాను. తొమ్మిది రోజులు పట్టింది. మీరు అన్నా కూడా గుడ్డ చుట్టుకోలేదు, పట్టు దొరకడం లేదని. మణికట్ల దాకా బొబ్బలు లేచాయి. రొట్టె పిండి పిసుకుతుంటే నిప్పులో చెయ్యి పెట్టినట్టు ఉండేది.

ఊళ్లో వాళ్లు గోడ దగ్గర ఆగి చూసి పోతున్నారు. "మొగుడు పోయిన దుఃఖంలో తోటకు గుండు గీసింది" అని ఒకడన్నాడు. తైయిబ్ బావగారు మాత్రం నవ్వలేదు. మొదళ్లు చూసి, "నా పని సగం నువ్వే చేశావే" అని వెళ్లిపోయారు.

ఇప్పుడు ప్రతి మొదలు నుంచీ చిగుళ్లు పుట్టుకొస్తున్నాయి. లెక్కపెడితే ఒక్కో పొదకు నలభై. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

సాయంత్రాలు ఇక్కడ చాలా పొడుగు. ఒక మనిషికి తగ్గించి వండడం ఇంకా చేతకావడం లేదు. గోధుమరవ్వతో వండే కుస్కుస్ ఎప్పుడూ మిగులుతుంది, పక్కింటి జాజియా కోళ్లకు వేస్తున్నాను.

రంజాన్ వస్తోంది కదా. నిరుటి పండ్లలో మంచివి ఏరి ఎండబెట్టి దండ గుచ్చాను. కాలువ పక్కనున్న పొదవి. ఉపవాసం విడిచేటప్పుడు తినండి. చిన్నవే, కానీ తియ్యగా ఉన్నాయి.

హనియా


బిజర్తా, 14 మే

హనియాకు,

నీ దండ రంజాన్ రెండో రోజున వచ్చింది. ఉపవాసం విడిచే వేళ ఫిరంగి పేలగానే ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ పొద నేను నాటిందే. మా నాన్న తోట నుంచి కొమ్మ తెచ్చి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పదిహేనేళ్ల తర్వాత దాని రుచి నోటికి తగిలింది.

మిగతావి హాస్టల్లో పండక్కి ఇంటికి వెళ్లలేని పిల్లలకు పంచాను. ఒక పిల్ల, "ఎవరు పంపారు మన్నూబియా? నీకెవరూ లేరన్నావుగా" అంది. వంటింట్లోకి వెళ్లి చేసే పనేమీ లేకపోయినా గిన్నెలు కడిగాను.

ఇప్పుడు రాసేది నిలబడి చదవకు, కూర్చో.

నేను నీకు తప్పు చెప్పాను. తెలియక కాదు, తెలిసే. ముదిరిన పొదను ఒక్క ఏడాదిలో మోకాలెత్తుకు కొట్టరు. ఏటా మూడోవంతు ముసలి కొమ్మలు తీస్తారు. ఎండినవి, ఒకదానినొకటి రాసుకునేవి, మొదలు దగ్గరి పిలకలు తీసి, నడుమ వెలుతురు పడేలా గిన్నెలా తెరుస్తారు. ఏటా వచ్చే రెండు కాపుల్లో మొదటిది, జూన్ కాయ, నిరుటి కొమ్మ కొసల మీదే వస్తుంది. ఆ కొసలన్నీ నీచేత కొట్టించాను. నీకు జూన్‌లో ఒక్క కాయ కూడా ఉండదు. తైయిబ్ గడువు సంగతి నీ ఉత్తరంలో చదివే అలా రాశాను. నేను ఆ గేటు దాటినట్టు నువ్వూ దాటాలని అనిపించింది. రాసి డబ్బాలో వేసిన రోజు హాయిగా నిద్రపట్టింది. అదీ దాచను.

ఇప్పుడు చెప్పేది నిజం. నమ్మితే చెయ్యి. చిగుళ్లలో ఒక్కో పొదకు అయిదో ఆరో ఉంచు, బలమైనవి, బయటికి చూస్తున్నవి, ఒకదానికొకటి జానెడు ఎడంగా. మిగతావన్నీ వేళ్లతో రుద్దిపారెయ్. కత్తి అక్కర్లేదు, లేతగానే ఉంటాయి. వారం వారం చూడు, మళ్లీ పుడతాయి, మళ్లీ తీసెయ్. నీ నీటి వంతు ఒక్కటి కూడా వదలకు. కొత్త కొమ్మ మీద సెప్టెంబరు కాయ వస్తుంది. తక్కువే, కానీ పెద్దది. సెప్టెంబరు దాకా తైయిబ్‌ను ఆపగలిగితే చాలు. అతనికి చక్కెర ఎక్కువేసిన కాఫీ ఇష్టం. వాళ్లావిడ ఇవ్వదు.

నీ పిల్లల తిండి మీద దెబ్బ కొట్టాను. నన్ను తిట్టదలుచుకుంటే తిట్టు, చదువుతాను.

మన్నూబియా


జెబ్బా, 24 సెప్టెంబరు

మన్నూబియా అక్కకు,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. కోపం వల్ల అనుకుని ఉంటారు. కాదు.

ముందు తోట సంగతి. జూన్‌లో బావగారు గునపం తెచ్చారు. రెండు పొదలు పీకాక నేను కాఫీ ఇచ్చాను. "సెప్టెంబరు దాకా ఆగండి. అప్పటికీ కాయకపోతే మిగతా పదీ నేనే పీకుతా" అన్నాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "ఎవరు చెప్పారే నీకు సెప్టెంబరు కాస్తుందని?" అన్నారు. మీ పేరు చెప్పాను. "ఆవిడకి చెట్లు తెలుసు" అని గునపం భుజాన వేసుకుని వెళ్లారు.

ఈ వారం పది పొదలూ కాశాయి. పదకొండు గంపలు. ఒక్కో పండు నా పిడికిలంత ఉంది, తొక్క నల్లగా పగిలి లోపల ఎర్రగా. బావగారు ఒకటి తిని, రెండోది జేబులో వేసుకున్నారు. బంగాళాదుంప మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా సంగతి. మీరు తప్పు చెప్పారని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. మూడో పొద కొడుతుంటే జాజియా గోడమీంచి చూసి, "ఆపవే పిచ్చిదానా, ఏ శత్రువు చెప్పాడే నీకు ఇలా కొట్టమని?" అని అరిచింది. ఆగాను. రంపం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి మిగతా తొమ్మిదీ కొట్టాను. మీరు వేసిన శిక్ష అనుకుని కొట్టాను. నాకది రావలసిందే.

అక్కా, నాకు ఆడపిల్లలు లేరు. మగపిల్లలు లేరు. ఎవరూ లేరు. పన్నెండేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నెల తప్పలేదు.

మూడో ఏడు అత్తగారు నన్ను కూడా పంపేస్తాననడం మొదలుపెట్టారు. అప్పుడు మేమిద్దరం బేజాలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. పరీక్షలన్నీ చేశాక ఆయన నన్ను కాదు, ముఖ్తార్‌ను కూర్చోబెట్టి చెప్పాడు. లోపం ముఖ్తార్‌ది. చిన్నప్పుడు జ్వరం వచ్చి గవదలు వాచినప్పటిదట.

బస్సు కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. ముఖ్తార్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "మన్నూబియాకి చెప్పాలి" అన్నారు. నేను, "చెప్పి ఏం చేస్తావు? తెచ్చుకుంటావా?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట అనలేదు. ఆ రోజు నుంచీ అంజూర తోటలోకి వెళ్లడం మానేశారు. నన్నూ ఆ పొదల మీద కత్తి పెట్టనివ్వలేదు. ఊళ్లో నన్ను గొడ్రాలంటుంటే తలవంచుకుని వినేవారు. నేనూ నోరు మెదపలేదు. ఆయన పరువు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం వేరు. మీకు తెలిస్తే మీరు తిరిగి వస్తారని.

మీరు ఒక చలికాలం తప్పు చెప్పారు. నేను పదేళ్లు నిజం చెప్పలేదు. మొదటి ఉత్తరం ఈ సంగతి రాయడానికే మొదలుపెట్టాను. నాలుగు కాగితాలు చించాను. అయిదోదానిలో చెయ్యి అంజూరాల మీదికి పోయింది.

మీరు ఏం రాసినా సరే. ఏమీ రాయకపోయినా సరే.

హనియా


బిజర్తా, 10 డిసెంబరు

ప్రియమైన హనియా,

నీ ఉత్తరం చదివిన రోజు హాస్టల్లో పప్పు మాడిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి. పిల్లలు అదే తిన్నారు.

మా అమ్మ సంగతి నీకు తెలియదు. నేను పుట్టింటికి వచ్చాక రెండేళ్లు ఆవిడ దగ్గర ఉన్నాను. మా వదిన ప్రసవించినప్పుడు బిడ్డను చూద్దామని వెళ్తుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు వద్దమ్మా. నీ కన్ను మంచిదే, జనం నోరు మంచిది కాదు" అంది. ఆ వారమే బిజర్తా బస్సెక్కాను. ఆవిడ పోయినప్పుడు కూడా సమయానికి చేరుకోలేదు. లోపం తన కూతురిదేనని నమ్మి పోయింది.

నవంబరులో సెలవు పెట్టి మా పుట్టినూరు తిబార్ వెళ్లాను. అన్నయ్య ఇంటికి కాదు, శ్మశానానికి. అమ్మ సమాధి పక్కన కూర్చుని నీ ఉత్తరం గట్టిగా చదివాను, డాక్టరు దగ్గర నుంచి చివరిదాకా. అవతలి సమాధిని తుడుస్తున్న ఒక ముసలామె చెయ్యి ఆపి విన్నది. అయిపోయాక దగ్గరికి వచ్చి, "ఇంకోసారి చదువమ్మా, ఆవిడకి సరిగ్గా వినపడి ఉండదు" అంది. మళ్లీ చదివాను.

నిన్ను క్షమించానని రాయలేను. కొన్ని రోజులు అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు. నాకు నలభై ఆరు. ఆ కబురు పదేళ్ల కిందట వచ్చి ఉంటే మళ్లీ పెళ్లి చేసుకునేదాన్నేమో. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఇదే లెక్క వేసుకుంటున్నాను. అయితే పదేళ్లు ఆ ఇంట్లో నువ్వు విన్న మాట నాకు బాగా తెలుసు. నేను విన్నదే అది. నేను పారిపోగలిగాను. నువ్వు అక్కడే కూర్చుని విన్నావు.

నీకు ముప్పై రెండో మూడో ఉంటాయి. ఊరంతా నిన్ను గొడ్రాలనుకుంటే నిన్ను పెళ్లికి అడగడానికి ఎవరూ నీ గుమ్మం తొక్కరు. నువ్వొక్కదానివే చెబితే చచ్చినవాడి మీద నింద వేస్తోందంటారు. ఇద్దరు చెబితే అలా అనలేరు.

జనవరి మొదటి గురువారం బస్సుకు వస్తున్నాను. నాకోసం ఏమీ వండకు. దిగగానే ముందు తైయిబ్ ఇంటికి వెళ్దాం, ఇద్దరం. వాళ్లావిడ ఉండగా, వాళ్ల కోడళ్లు ఉండగా, నీ ఉత్తరం నేను చదువుతాను. నువ్వు నా పక్కన కూర్చో, తల ఎత్తుకుని. వాళ్లు ఎవరైనా లేచి వెళ్లిపోతే పోనీ. సంత రోజు కదా, సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది.

పొదల పని శుక్రవారం చూద్దాం.

మన్నూబియా