ఖంగుమనని పలక

మార్కాపురం,
శనివారం.

బావకు,

ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. దేవుని దయవల్ల నువ్వు కూడా అక్కడ బాగానే ఉన్నావని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఉన్నావో లేదో నీ నోటితో నువ్వే చెప్పాలి. ఈ జాబు కోపంగా రాస్తున్నాను. ఎక్కడైనా ఒక మాట మెత్తగా కనిపిస్తే అది పొరపాటున పడిందనుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వాన పడలేదు. కొనకనమిట్లలో మా అమ్మావాళ్ళ కంది చేను ఎండిపోతోంది. మీ నాయనకు దగ్గు తగ్గింది, చుట్ట తగ్గలేదు. పాప బడికి పోతోంది. కానీ "నాయన ఎప్పుడొస్తాడు" అని అడగడం కొన్నాళ్ళు మానేసింది. ఎందుకో కింద రాస్తాను. ఇక నీ సబ్ ఊఫర్, ఆ పాటల పెట్టె. నా గురించి ఒక్క ముక్క అడగకుండా దాని గురించి అర పేజీ రాశావు చూడు, ఆ అర పేజీని పొయ్యిలో పెట్టాలనిపించింది. దుమ్ము పడకుండా గుడ్డ కప్పావా అన్నావు. కప్పాను. నా చీరే కప్పాను.

మిలిటరీవాడికి ఏడాదికొకసారి లీవు. ఇంటికొచ్చి సంచి దించీ దించకముందే ఊఫర్ బయటికి తీశావు. చెక్క పెట్టె అదురుతుంది, మన పలకరాయితో కడితే అదరదు, బేస్ గట్టిగా వస్తుంది అన్నావు. పలకల ఊళ్ళో పుట్టినవాడికి రాయి మీద మోజు ఉంటే తప్పేముందిలే అనుకున్నాను. మీ నాయన పనిచేసే పలకల ఫ్యాక్టరీకి పోయి నువ్వే బండలు ఏరుకొచ్చావు. కోశావు, అంచులు అరగదీశావు, ఎంసీల్ పెట్టి అతికించావు. లోపల కూరడానికి దూది కావాలని నా దిండు కోశావు. నల్లమల నుంచి కట్టెలమ్మే దాసమ్మ ఏరి తెచ్చిచ్చిన బూరుగు దూది అది. నా తల కింద ఉండాల్సింది నీ పెట్టె కడుపులో పెట్టావు.

లీవంతా దాని ముందే కూర్చున్నావు. వంటింట్లోంచి పిలిస్తే పలకవు. అన్నం వడ్డిస్తూ ఏదైనా చెబితే "ఊ" అంటావు. పాప బొమ్మ గీసుకుని నీ వెనక నిలబడి "నాయనా, నాయనా" అని పిలిచి పిలిచి, నువ్వు తిరగకపోతే ఆ కాగితం అక్కడే పడేసి వచ్చింది. "నాయనకు నేనంటే ఇష్టం లేదు మా" అంది. అందుకే నువ్వెళ్ళాక నీ గురించి అడగడం మానేసింది. మీ అమ్మేమో "మగోళ్ళకు ఇంటికొస్తే ఏందో ఒక పిచ్చి పట్టుకుంటది లేమ్మా" అని తేల్చేసింది. నాకు అంత తేలిగ్గా తేలలేదు. నామీద నీకు మనసు విరిగిందనుకున్నాను. వేరే ఎవరైనా ఉన్నారేమోనని కూడా అనుకున్నాను. అది రాయడానికి నాకేం సిగ్గు లేదు. అలా అనుకునేట్టు చేసింది నువ్వు.

పెట్టె మొదటిసారి మోగించిన రోజు గుర్తుందా? గూట్లో గిన్నెలు గంతులేశాయి. పక్కింటివాళ్ళ కోళ్ళు గోడెక్కాయి. నువ్వు రెండు అరచేతులూ పెట్టె మీద ఆనించి నవ్వావు. ఆ లీవులో నేను చూసిన నవ్వు అదొక్కటే. "జర్రుమంటాంది బావా, ఎక్కడో వదులైనట్టుంది" అన్నాను. "ఎక్కడ? బాగనే ఉందే" అన్నావు. మళ్ళీ చెబితే "నీకు పాటంటే ఏందో తెలుసా అసలు" అని వీధి వీధంతా వినేట్టు అరిచావు. నువ్వు రైలెక్కేదాకా నీతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మాట్లాడలేదు కూడా. ఆ సంగతి నీకు తెలిసిందా అసలు?

పోయిన వారం పాప సరదాపడి పాట పెట్టింది. మళ్ళీ అదే జర్రు. విసుగొచ్చి మీ నాయనను పిలిచాను. ఆయన పెట్టె చుట్టూ చూసి, నువ్వు కోయగా మిగిలి గోడకు ఆనించిన ముక్కలను వేలి కణుపుతో ఒక్కొక్కటే తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. ఒకటి మాత్రం మూగగా, తడిసిన అట్టను కొట్టినట్టు పలికింది. నాకే తెలిసిపోయింది తేడా.

"లోపల పొర లేచిందమ్మా. పెట్టెకు ఎడమ పక్క వేసింది ఈ బండే, చార కలుస్తాంది చూడు" అన్నాడు మీ నాయన. "తట్టి చూస్తే పలకల పనోని ఇంట్లో పిల్లి గూడా చెప్తది. ప్రభాకరు పాపంత ఉన్నప్పుడే నా పక్కన కూర్చోని, ఖంగుమన్నేది ఇటు, మూగది అటు వేసేటోడు. ఒక్కటి తప్పేటోడు కాదు. మొన్న లీవుకొచ్చినప్పుడు నేను మిషను కాడ ఉంటి, వాడే తట్టి తట్టి ఏరుకున్నాడు. మరి ఇది వానికెట్ల వినపడలే?"

ఆ మాట అన్నాక ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన ముక్కను గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకోవడం కూడా మర్చిపోయాడు.

వంటింటి పిలుపులు, పాప పిలుపులు, ఆ జర్రు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. "ఫోన్లో ఏముంది, జాబు రాయి, దాచుకుంటా" అని నువ్వంటే ప్రేమనుకుని మురిసిపోయాను నేను! ఈ కాలంలో పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనే పెళ్ళాం మార్కాపురంలో నేనొక్కదాన్నే. అక్కడి బంట్రోతు కూడా నవ్వుతాడు. ఫిరంగుల పక్కన నిలబడే డ్యూటీ కదా, చెవులు జాగ్రత్త అంటే, "అలవాటైపోయిందిలే" అన్నావు. అలవాటు కాలేదు బావా, చెవులే పోయాయి.

ఇప్పుడు నేనొకటి ఒప్పుకోవాలి. ఆ తర్వాత, మొన్న ఆదివారం ఫోన్లో నిన్ను పరీక్షించాను. రోజూ మాట్లాడే గొంతుతోనే, "బావా, నేను నిన్ను వదిలేసి పోతాండా. పాపను తీసుకోని కొనకనమిట్ల పోతాండా. ఇంక రాను" అన్నాను. నువ్వు "ఆఁ, మంచిది, అట్లనే కానీ. పాపకు ముద్దులు" అని పెట్టేశావు. మంచం మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. అది ఇప్పటిదాకా దిగలేదు.

వినపడనందుకు కాదు కోపం. చెప్పనందుకు. చెబితే ఫిరంగుల దగ్గర్నుంచి తీసేస్తారని, ప్రమోషన్ ఆగుతుందనే కదా దాచావు? తీసేయనీ. స్టోర్లో కూర్చోబెట్టనీ, వంటశాలలో వేయనీ. అక్కడే నిలబడితే మిగిలిన కాస్తా పోతుంది. అప్పుడు నీ పెట్టె నీ అరచేతులకు తప్ప నీకు పనికిరాదు. నేనూ పాపా దేనికీ పనికిరాము. శత్రువుకు భయపడనివాడివి, పెళ్ళానికి ఒక్క ముక్క చెప్పడానికి భయపడ్డావు. థూ, నీ ధైర్యం!

కాబట్టి విను. వినలేవు కదా, చదువు. ఈ జాబు అందగానే మీ డాక్టరు దగ్గరికి పోయి చెవులు చూపించుకో. నీ జవాబులో మొదటి మాట అదే ఉండాలి. పెట్టెతో మొదలుపెట్టావో, చించి పొయ్యిలో వేస్తాను. నువ్వు చెప్పకపోతే మీ ఆఫీసరుకు నేనే రాస్తాను. జాబులు రాయడం నువ్వే అలవాటు చేశావు.

ఎడమ పక్క బండ మీ నాయన మారుస్తానన్నాడు. ఈసారి ఆయనే తట్టి ఏరాడు. పెట్టె ఎట్లాగూ విప్పాడు కదాని నా దూది నేను తీసేసుకున్నాను.

పాపకు చెప్పాను. నాయనను వెనక నుంచి పిలవొద్దు, ఎదురుగా పోయి, గడ్డం పట్టుకుని, నోరు బాగా తెరిచి చెప్పు అని. అప్పటి నుంచి మళ్ళీ అడుగుతోంది, నాయన ఎప్పుడొస్తాడని. అద్దం ముందు నిలబడి "నాయనా" అనడం నేర్చుకుంటోంది.

ఇట్లు,
ఎక్కడికీ పోని నీ భార్య,
మగ్దలీన