మీ అమ్మగారు చూసింది ఎవరిని

అసున్సియోన్,
14 నవంబరు 2020

సునిల్దా గారికి,

నిమియా నమస్కారాలు. బ్వేనోస్ ఐరెస్‌లో మీరూ, మీవారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మీరు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి జవాబు రాయబోయి నాలుగుసార్లు కాగితం చింపేశాను. ఫోనులో చెప్పేద్దామనుకున్నాను గానీ, మీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే చెబుతానేమోనని భయం వేసింది.

సరిహద్దు మూసేసినందువల్ల సెప్టెంబరులో అమ్మగారి కడసారి చూపుకు రాలేకపోయారనీ, నేను తీసిన ఫోటో గోడకు పెట్టుకుని పొద్దున్నే దాని ఎదురుగా కూర్చుని మతే టీ తాగుతున్నారనీ రాశారు. అమ్మ మిమ్మల్నే చూస్తున్నట్టుంటుందనీ, ఆ ఫోటో తీయిస్తున్నది మీరేనని ఆమెకు తెలిసిపోయిందా అనీ అడిగారు.

జూలైలో మీరు పెట్టిన షరతులు నాకు బాగా గుర్తున్నాయి. ఫోటో లేసు అల్లేవాళ్ళ సంఘం కోసమని చెప్పాలి. మీ పేరు ఎత్తకూడదు. రాకపోకలు బందు కాబట్టి ఫోటో వీడియో కాల్‌లోనే తీయాలి, ఆ కాల్‌లోకి మీరు రారు. ఎందుకని అడిగితే, మీ నాన్నగారి అంత్యక్రియలకు రెండు రోజులు ఆలస్యంగా చేరినప్పటి సంగతి చెప్పారు. చుట్టాలందరి ముందూ అమ్మగారు గుమ్మంలో నిలబడి, అంతా అయ్యాక వచ్చినవాళ్ళకి ఈ ఇంట్లో కుర్చీ లేదన్నారట. తొమ్మిదేళ్ళుగా ఆ మాట మీ చెవిలోంచి పోలేదట. “నాకు ఆవిడ ముఖం చాలు. మాట వద్దు” అన్నారు మీరు. నేను సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం ఇతౌగ్వాలో అమ్మగారి ఇంట్లో పక్కింటి బసీలియా గారే నాకు కాళ్ళూ చేతులూ అయ్యారు. నేను ఇక్కడ గది చీకటి చేసుకుని, కంప్యూటర్ తెరకు ఎదురుగా కెమెరా బిగించుకున్నాను. అక్కడ కిటికీకున్న పరదా తీయించాను. నీడ పడిన చెంప మీదికి కాస్త వెలుగు తిరగాలని పక్క కుర్చీ మీద తెల్ల దుప్పటి పరిపించాను. ఫోన్‌ను రెండు కుండలకు ఆనించి పెట్టించాను. అసున్సియోన్‌లో కూచుని ఇతౌగ్వాలో దుప్పట్లు సర్దిస్తున్నావు, నీలాంటి కోడలు దొరికిన అత్త పని అయిపోయినట్టే అని బసీలియా గారు వేళాకోళం చేశారు. అమ్మగారు మాత్రం నవ్వలేదు. చేతిలో లేసు చట్రం పట్టుకుని, గుర్తింపు కార్డుకు ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. అల్లికల పేర్లు అడిగాను, ఎవరు నేర్పారని అడిగాను. ముక్తసరిగా చెప్పారు. నలభై నిమిషాలు గడిచాయి. చలికాలపు ఎండ కిటికీలోంచి జారిపోతోంది. ఇరవై ఏళ్ళుగా మనుషుల ముఖాల ఫోటోలు తీస్తున్నదాన్ని. ఆ ముఖంలో ఏదో ఉందని తెలుస్తూనే ఉంది, నాకు మాత్రం దొరకడం లేదు. ఉక్రోషం వచ్చింది.

అప్పుడు అనేశాను. “అమ్మా, మీ సునిల్దా కూడా ఈ కాల్‌లో ఉంది. మీకు కనబడదు. తను మిమ్మల్ని చూస్తోంది.”

అమ్మగారు చట్రం ఒళ్ళో పెట్టేశారు. రెండు చేతులూ గౌనుకు తుడుచుకుని, చెంపల మీది వెంట్రుకలు సవరించుకున్నారు. ఫోన్ ఎక్కడుందో అప్పుడే తెలిసినట్టు ముందుకు వంగారు. మీ గోడ మీదున్నది ఆ క్షణమే. అవును, ఆవిడ మిమ్మల్నే చూశారు. మీరే అక్కడ లేరు.

ఫోటో పంపుతూ, వెలుతురు కలిసొచ్చిందని మీకు రాశాను. మీరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆ వారమే నిజం చెప్పవలసింది. అప్పటికి అమ్మగారికి ఇంకా రెండు నెలల ఆయుష్షు ఉంది. మీరు ఫోన్ చేసేవారేమో, చేసేవారు కాదేమో, అది మీరు తేల్చుకోవలసిన సంగతి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మీకా అవకాశం లేకుండా చేశాను. ఇక్కడి ప్రదర్శనశాల ఒకటి ఆ ఫోటో అడిగింది. ఇవ్వనన్నాను. దానివల్ల నా తప్పేమీ తగ్గదని తెలుసు. నా దగ్గరున్న ప్రతులన్నీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఉంచుకున్నా, చింపేసినా మీ ఇష్టం.

ఇట్లు,
మీకిచ్చిన మాట నిలుపుకోలేని
నిమియా ఒర్తెయాదో

తా.క.: సంతకం పెట్టి లేచాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పైన రాసింది నిజమే, కానీ సగమే. ముందుకు వంగిన అమ్మగారు ఊరికే చూడలేదు, మాట్లాడారు. “సునీ, ఆ రోజు నాకు నీ మీద కోపం కాదే. మీ నాన్న పోయాక ఎవరో ఒకరి మీద అరవాలనిపించింది, నువ్వు దొరికావు. నన్ను క్షమిస్తావా?” అన్నారు. ఆ తర్వాత ఫోన్ తీసి చెవికి ఆనించుకుని ఎదురుచూశారు. మీరు ఏడుస్తున్నారనీ, మాట రావడం లేదనీ చెప్పాను. ఆవిడ ఊరుకోలేదు. ఏమంటోంది, ఏమంటోంది అని మళ్ళీ మళ్ళీ అడిగారు.

“క్షమించానంటోందమ్మా” అన్నాను.

ఆ మాట అనవలసింది మీరు. అంటారో అనరో తెలియకుండానే మీ బదులు నేను అనేశాను. చివరి రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఆ మాటే చెప్పుకున్నారట.