మబ్రూక్ అనని ఇల్లు

మన్సూరా,
మంగళవారం.

ప్రియమైన ముంతసిర్‌కు,

సుహైర్ సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం చూసి నువ్వు ఎన్నిసార్లు నవ్వావో గుర్తుంది. "తలచడం ఏమిటి? కనుక్కుని రాయాలి గానీ" అనేవాడివి. నవ్వుకో. ఈ పూట ఆ వాక్యం రాయకపోతే నా చేతిలో కలం కదల్లేదు. మేమంతా క్షేమం కాదన్న సంగతి నీకూ తెలుసు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఎదురింటివాళ్ళ తమ్ముడు రియాద్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చాడు. గురువారం తిరిగి వెళుతున్నాడు, ఇది అతని చేతికే ఇస్తాను. అతను రియాద్‌లో నీళ్ళ లారీవాళ్ళకి అందించాలి, ఆ లారీ ఎడారి దాటి మీ చమురు బావుల దగ్గరికి చేరాలి. రెండు వారాలైనా పడుతుందన్నాడు. నీ పాస్‌పోర్టు కంపెనీ యజమాని దగ్గరే ఉందనీ, అతను ఊళ్ళో లేడనీ రాశావు. రాలేనివాణ్ణి రమ్మని పీడించను. అందుకే వాడు పుట్టిన కబురు ఇచ్చినట్టు మళ్ళీ టెలిగ్రాం ఇవ్వలేదు. నేను అడగబోయేది టెలిగ్రాంలో పట్టదు కూడా.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బరువు పుట్టినప్పటికన్నా తగ్గింది. నెలలు నిండని పిల్లలు మొదట్లో తగ్గుతారని డాక్టరు అన్నాడు. పాలు ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా పోస్తున్నారు. నా పాలే, పిండి తీసుకెళుతున్నాను. ఊపిరి ఒక్కోసారి మరిచిపోతాడు. అప్పుడు నర్సు హమీదా అరికాలు మీద వేలితో తడుతుంది, మళ్ళీ గుర్తొస్తుంది. మీ అమ్మ ఆస్పత్రిలో సాంబ్రాణి వేయలేదు, నువ్వు భయపడినట్టు ఏ తాయెత్తూ కట్టలేదు. కట్టడానికి అంత మణికట్టు వాడికి లేదు. మేడ మీద నీ పావురాలు బాగానే ఉన్నాయి.

వాడి గాజుపెట్టె మీద సిరాతో "సుహైర్ కొడుకు" అని రాశారు. పేరు పెట్టని పిల్లలందరికీ అక్కడ తల్లి పేరే రాస్తారు. తల్లి పేరు బయటపడితే నామోషీ మనవాళ్ళకి. చిన్నప్పుడు బళ్ళో మీ అమ్మ పేరు పిల్లలకి తెలిసిపోయిందని నువ్వు సిగ్గుతో వారం రోజులు బడి మానేశావట కదా. నీ కొడుకు ఇంకా కళ్ళే తెరవలేదు, వాడి తల్లి పేరు అప్పుడే ఆస్పత్రి అంతా చదివేసింది.

నీ ఉత్తరం మొత్తం చదివాక మళ్ళీ మొదటికొచ్చాను. వెనక్కి తిప్పి చూశాను. అంచుల్లో ఏమైనా ఇరికించావేమోనని వెతికాను. బిడ్డ పుట్టిన ఇంటికి ఎవరైనా చెప్పే అభినందన, మబ్రూక్ అన్న ఒక్క మాట ఎక్కడా లేదు. చివర్న మాత్రం ఇలా ఉంది: "డాక్టరు గట్టిగా చెప్పేదాకా పేరూ వద్దు, సంబరమూ వద్దు. ఫలితం తేలకుండా అభినందనలు చెప్పడం మన పద్ధతి కాదు. అమ్మ బలవంతపెట్టినా ఏడోరోజు తంతు జరగనివ్వకు."

మన పద్ధతి అన్నావు. నిజమే, మన ఇద్దరిదీనూ. పరిచయమైన ఏడాది నా పుట్టినరోజున కాలేజీ లాబ్‌లో అందరూ నాకు శుభాకాంక్షలు చెబుతుంటే, నువ్వొక్కడివి బీకరు కడుగుతూ నిలబడ్డావు. "భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. ఇందులో సుహైర్ చేసిన ఘనకార్యం ఏముంది?" అన్నావు. "సూర్యుడూ ఊరికే కూర్చోలేదయ్యా, ఆయనా పోతూనే ఉన్నాడు. భూమి పాత చోటికి ఎప్పటికీ రాదు, నీ లెక్క కూడా తప్పే" అన్నాను నేను. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే మన పెళ్ళి కుదిరిపోయింది. పెళ్ళికి గోరింట వద్దన్నాం, దిష్టి తీయడం వద్దన్నాం. అప్పుడు నేను నీ వెనక నడవలేదు, నీ పక్కనే నడిచాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. మందుల షాపులో కూర్చునే మనిషిని, ఏడోరోజున ఉప్పు చల్లితే ఊపిరితిత్తులు ఎదగవని నాకు ఒకరు చెప్పాలా?

కానీ ఇంట్లో ఏం జరిగిందో విను. నేను ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మీ అమ్మ గుమ్మంలో నా నోరు మూసినంత పని చేసింది. "ఎవరికీ చెప్పకే పిల్లా. అడిగితే ఇంకా నొప్పులు రాలేదను. బిడ్డ ఆ గట్టునో ఈ గట్టునో తేలేదాకా జనం కళ్ళు పడకూడదు" అంది. బాలింతలకి కాచే మొఘాత్ కూడా కాచలేదు. నెయ్యిలో ఆ పొడి వేగితే వాసన వీధి చివరిదాకా పోతుంది, ఇక నలుగురూ గిన్నెలు పట్టుకుని వచ్చేస్తారని భయం. తెలిసిన ఒకరిద్దరు మాత్రం వచ్చి నా పొట్ట వైపు చూసి, నేల వైపు చూసి, బెండకాయల ధర గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. కని వచ్చాను ముంతసిర్. ఏదో తప్పు చేసి వచ్చినదానిలా ఇంట్లో దాక్కున్నాను.

దిష్టి తగులుతుందని వాళ్ళు మాట్లాడలేదు. ఫలితం తేలలేదని నువ్వు మాట్లాడలేదు. జీవితమంతా ఒకరినొకరు వెక్కిరించుకున్న మీ తల్లీకొడుకులు చివరికి ఒకే మాట మీదికి వచ్చారు. ఆ మాట ఏమిటంటే, వాడు పుట్టాడని అనకూడదు.

సరే, నువ్వు వద్దన్న పని చేసేశాను. నీ ఉత్తరం వచ్చేసరికే ఏడోరోజు దాటిపోయింది. ఆ రోజు ఆస్పత్రి నుంచి వచ్చి, మీ అమ్మ మధ్యాహ్నం నమాజుకి కూర్చున్నాక వంటింట్లోకి వెళ్ళాను. అటక మీది జల్లెడ దించాను, ఇత్తడి రోలు దించాను. కుట్లు చురుక్కుమన్నాయి. జల్లెడలో పడుకోబెట్టడానికి బిడ్డ లేడు. ఉతికి తెమ్మని హమీదా ఇచ్చిన గుడ్డ ఉంది, వాడి కింద వేసినది. మడిచి అదే పెట్టాను. పళ్ళెంలో మూడు కొవ్వొత్తులు వెలిగించి మూడు పేర్లు అనుకున్నాను. తల్లి బిడ్డ మీంచి దాటుతుంటే పక్కన ఇంకొకరు రోలు మోగించాలి కదా, నేనొక్కదాన్నే గుడ్డ మీంచి దాటుతూ, ఒంటిచేత్తో రోలు కొట్టడం మొదలుపెట్టాను.

మీ అమ్మ జపమాలతో పరిగెత్తుకొచ్చింది.

"పిచ్చెక్కిందా నీకు? వీధంతా వింటుంది!"

"వినడానికే కొడుతున్నాను."

"ఖాళీ జల్లెడ ముందు రోలు కొడతారే ఎవరైనా? అరిష్టం కాదూ!"

"ఖాళీది కాదత్తయ్యా. వాసన చూడండి."

ఆమె వంగి గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇప్పటిదాకా ఆమె మనవణ్ణి అద్దంలోంచే చూసింది, లోపలికి రానివ్వరు. తర్వాత దాన్ని జల్లెడలో తిరిగి పెట్టి, నా చేతిలో రోకలి లాక్కుంది. "ఇదేం కొట్టుడే, వెల్లుల్లి దంచుతున్నట్టు? పక్కలకి తగిలించాలి, మోగాలి" అని తనే మొదలుపెట్టింది. ముంతసిర్, కిటికీ అద్దాలు అదిరాయి.

"నీ అమ్మ మాట విను! నీ నాన్న మాట వినకు! నీ నానమ్మ మాట విను! నీ నాన్న మాట అసలే వినకు!"

ఆ తంతులో అలా అనడం మామూలేనని నీకు తెలుసు, ప్రతి ఇంట్లోనూ నవ్వుకోవడానికి అనేదే. నేనూ నవ్వాను. వాడు పుట్టాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వుతూ చూస్తే ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే కొడుతోంది, ఏడుస్తూనే నిన్ను తిడుతోంది.

కొవ్వొత్తుల సంగతి కూడా చెప్పాలి. ఏది చివరిదాకా వెలిగితే ఆ పేరు బిడ్డకి పెడతారు, అంత ఆయుష్షు ఉంటుందని. ఒకటి మీ నాన్న పేరు. ఒకటి షిహాతా, మీ అమ్మ ఎప్పటినుంచో అంటున్న పేరు. బిచ్చగాడని పిలిస్తే చావు కూడా చీదరించుకుని పోతుందట. మూడోది నాది, యహ్యా. బతుకుతాడు అనే అర్థం వచ్చే పేరని ఎంచుకున్నాను. నేను తర్కం తెలిసినదాన్ని కదా, అందుకని యహ్యా కొవ్వొత్తిని నెయ్యి డబ్బా చాటున గాలి తగలకుండా పెట్టాను. మీ నాన్నది ముందే ఆరిపోయింది, క్షమించు. మిగతా రెండూ పోటీగా వెలుగుతుంటే, మీ అమ్మ పళ్ళెం మీదికి వంగి షిహాతాని ఉఫ్‌మని ఊదేసింది.

"గాలి" అంది నా వైపు చూడకుండా.

"గాలే అత్తయ్యా" అన్నాను.

అంత నమ్మే మనిషి అంత పచ్చిగా మోసం చేసింది. నమ్మని నేనూ చేశాను. మేమిద్దరం మీ నాన్న కుర్చీలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం కూలబడి మొఘాత్ కాచుకుని తాగాం. వాసన వీధిలోకి వెళ్ళింది. పక్కింటామె తలుపు కొట్టి లోపలికొచ్చి, గిన్నె అందుకుని, మెల్లగా "మబ్రూక్ సుహైర్. వాడు నీ నీడలో పెరగాలి" అంది. ఆ మాట వల్ల వాడి బరువు ఒక్క గ్రాము పెరగలేదు. నాకు మాత్రం పాలు పడ్డాయి. నవ్వకు. కారణం హార్మోన్లేనని నాకూ తెలుసు, పేర్లు కూడా రాయగలను.

నువ్వు కిందటి ఉత్తరంలో రాశావు, నీళ్ళ లారీ డ్రైవరుకి రోజూ పొద్దున్నే "నీ ఉదయం మల్లెలవ్వాలి" అంటానని. ఆ డ్రైవరు ఉదయం డీజిలు కంపే కదా ముంతసిర్? నువ్వు అన్నందుకు అది మల్లెలు అవుతుందని అంటున్నావా? కాదు. దుమ్ములో దిగిన మనిషిని చూశానని చెప్పడానికి అంటున్నావు. దారిన పోయేవాడికి ఇస్తున్నదాన్ని నీ కొడుక్కి ఇవ్వడానికి ఏ రుజువు కావాలి నీకు?

ఇంతసేపూ పావురాలనీ, కొవ్వొత్తులనీ ఎందుకు సాగదీశానో ఇక చెప్పక తప్పదు. ఈ పొద్దున డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, కుర్చీ చూపించాడు. ఇన్నాళ్ళూ ఆయన నాతో నిలబడే మాట్లాడాడు. వాడి మెదడులో రక్తం కారిందట. నిన్న సాయంత్రం నుంచి మిషనుతో ఊపిరి పెడుతున్నారు. "ఈ వారం గడిస్తే చూద్దాం తల్లీ" అన్నాడు. గడుస్తుందా అని అడిగాను. మనిద్దరి అలవాటు కొద్దీ, నూటికి ఎంత అని కూడా అడిగాను. ఆయన అంకె చెప్పలేదు. కిటికీ వైపు చూసి "అల్లా గొప్పవాడు" అన్నాడు. డాక్టరు అంకె మానేసి ఆ మాట అన్నాడంటే అర్థం ఏమిటో మనకి తెలుసు. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. కూర్చుంటే లేచి ఆస్పత్రికి పరిగెత్తాలనిపిస్తుంది. దారి తెలియడం లేదు ముంతసిర్, నువ్వు లేవు, ఎవరి చెయ్యి పట్టుకోను?

ఈ ఉత్తరం నీకు చేరడానికి రెండు వారాలు. డాక్టరు ఇచ్చింది ఒక్క వారం. నువ్వు ఇది చదివే వేళకి తేలాల్సింది తేలిపోయి ఉంటుంది. నువ్వు ఏ మాట అన్నా ఇక్కడ ఏదీ మారదు. అది తెలిసే అడుగుతున్నాను. కాగితం మడిచి గుడారం బయటికి రా. డ్రైవరు ఉంటే ఉండనీ, వింటే విననీ. "మబ్రూక్ సుహైర్, మనకి కొడుకు పుట్టాడు. పేరు యహ్యా. మన నీడలో పెరగాలి" అని గట్టిగా అను. వాడు ఉన్నాడో లేడో తెలుసుకుని అనకు. తెలియకుండానే అను. ఇక్కడ నాకు వినపడదు, అయినా అను. ఫలితం తేలలేదని మాత్రం ఇక రాయకు. వాడు పుట్టాడు ముంతసిర్. అది తేలిపోయింది.

ఇట్లు,
నీ భార్య,
యహ్యా వాళ్ళమ్మ.