స్లాబుకు తెచ్చిన రోడ్డు పెళ్లలు

బుధవారం రాత్రి, కొత్తపేట

మనవరాలు శ్రావణి కోసం మేడ మీద కడుతున్న గదికి ఈవేళ స్లాబు. కొబ్బరికాయ కొట్టి, పనివాళ్లకు పులిహోర కలిపాను. వాకిట్లోకి వెళ్లి చూస్తే కంకర బదులు తవ్విపోసిన పాత రోడ్డు పెళ్లలు. తారు జిడ్డు కూడా వదల్లేదు. పక్కన బస్తాల్లో సిమెంటులో కలపడానికి సగం కాలిన వరి ఊక.

"ఇదేమిటి యాదగిరీ?" అంటే మేస్త్రి ఇకిలించాడు. "మీ శ్రావణి పాపనే చెప్పింది గదమ్మా, గీ పెళ్లలతోని గూడ కాంక్రీటు అయితదని!"

కాలేజీ ప్రాజెక్టు గురించి పిల్ల వాడికి సంబరంగా చెప్పిన మాట నిజమే. కానీ అది పెళ్లలు పగలగొట్టి, తారు పోయేలా కడిగిన కంకరతో, మెత్తగా నూరిన ఊక బూడిదతో, పరీక్షించి చేసే నేల బిళ్లల సంగతి.

"స్లాబుకని నేననలేదు నాయనమ్మా," అని ఏడ్చింది.

అంతకంటే రోత మా అబ్బాయి మాట. "ప్లాస్టరింగ్ చేస్తే కనపడదులే అమ్మా." ఆ స్లాబు కింద పడుకునేది వాడి కూతురు కాదూ!

పని ఆపించాను. పులిహోర మాత్రం అందరికీ పెట్టాను. యాదగిరి సిగ్గులేకుండా మారు వడ్డించుకున్నాడు.

శ్రావణి ప్రాజెక్టు మానేస్తానంటే గట్టిగా కసిరాను. వేరే మేస్త్రిని చూడమంటే అబ్బాయి పలకడం లేదు. వాడు పలికేదాకా ఆ గదికి ఆకాశమే కప్పు...