బొగ్గును కాల్చరు

ఆదివారం, డునెడిన్

ఏడో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులున్నా, అక్షరాలు వంకర పోయినా ఈ పుస్తకమే క్షమించాలి. కోపం మీద రాస్తున్నాను.

ఇవాళ మా ఆయన స్నేహితుడు ప్రసాద్ గారితో కలిసి పాత గ్యాసు ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లాం. కరెంటు రాకముందు వీధి దీపాలకు ఇక్కడే బొగ్గు నుంచి గ్యాసు తీసేవారట.

"బొగ్గును కాలిస్తే గ్యాసు వస్తుంది," అన్నారు మా ఆయన.

నలుగురిలో నోరు విప్పని నేను ఊరుకోలేకపోయాను. "కాల్చరండీ. కాలిస్తే బూడిదే మిగులుతుంది. గాలి తగలకుండా మూసి కాగబెట్టాలి."

మా నాన్నది బొగ్గుల బట్టీ. తుమ్మ మొద్దుల మీద మట్టి మెత్తి లోలోపలే మగ్గబెట్టేవాడు. మట్టి పగిలిన చోట పొగ భగ్గున అంటుకోవడం కళ్లారా చూసినదాన్ని.

"చూశావా ప్రసాద్, గ్యాసు ఫ్యాక్టరీలోనే గ్యాస్ కొడుతోంది మా ఆవిడ!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇంతలో అక్కడి పెద్దాయన మూతలున్న ఇనుప కొలిమి చూపించి, "నో ఎయిర్, నో ఎయిర్," అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు. మా ఆయన నా వైపు చూడనైనా లేదు.

తిరిగి వస్తుంటే కారులో అంటారూ, "అసలు కిటుకేంటంటే ప్రసాద్, గాలి తగలకూడదు."

"నీకు తెలియంది లేదు గురూ!"

వెనక సీట్లో నేనున్నాను! ఇల్లు చేరగానే ఈ పుస్తకం తీశాను.

ఎవరైనా చూస్తే ఈ పేజీ కాల్చెయ్యండి. ఆయన చేతికి దొరికితే మాత్రం, పూర్తిగా చదివాకే కాల్చాలి.